గురువారం మందు

నేను ఒక సీసపు డబ్బాను. ఎత్తు జానెడు. బరువు ఆరు కిలోలు. లోపల ఖాళీ ఎంతంటే బొటనవేలు పట్టేంత. మిగతాదంతా గోడే. ఆ ఖాళీలో ఒక చిన్న గాజు సీసా పెడతారు. సీసంలో సీసా. ఆ సీసాలో నీళ్లలా కనిపించే మందు, రెండు మూడు చెంచాలు. దాని వేడి బయటి మనుషులకు తగలకుండా పట్టి ఉంచడం నా పని. నాకు ఇంకో పని రాదు.

ఆసుపత్రిలో చదువుకున్నవాళ్లు నన్ను లెడ్ పాట్ అంటారు. నేల తుడిచే ఆయమ్మ కుండ అంటుంది. నాకు కుండే నచ్చింది.

నేను పుట్టింది బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో. అంతకుముందు లారీ బ్యాటరీల్లో పలకలుగా ఉండేదాన్ని. పాత బ్యాటరీలు పగలగొట్టి, పలకలు కరిగించి, పైన తేలిన మడ్డి తీసి, అచ్చులో పోశారు. పోసిన మనిషి ముక్కుకు తువాలు కట్టుకునేవాడు. పొగ ఒంటికి పట్టకుండా ఉంటుందని రోజూ రెండు అరటిపళ్లు తినేవాడు. అరటిపండు పొగను ఎలా ఆపుతుందో అతనికి తెలియదు. నాకూ తెలియదు. తర్వాత లేత్ మీద తిప్పి నున్నగా చేశారు. పసుపు రంగు కొట్టి, మూడు రెక్కల రేడియేషన్ గుర్తు అంటించారు. అప్పటిదాకా నన్ను ముట్టుకుంటే విషమని చేతులు కడుక్కునేవాళ్లు. గుర్తు అంటించాక, నేనుంటే తమకేం కాదని నా వెనక నిలబడడం మొదలుపెట్టారు. నేనేం మారలేదు. అదే సీసం.

నన్ను కొన్నది ఆ మందు తయారుచేసేవాళ్లు. అది వేరే ఊరు. అక్కడ సీసా పెట్టి, మూత బిగించి, నా ఒంటికి ఒక కాగితం అంటిస్తారు. ఫలానా రోజు, ఫలానా గంటకు, ఈ మందు బలం ఇంత అని దానిమీద ఉంటుంది. ఆ గంట రాయకపోతే కుదరదు. ఈ మందు నిలవుండదు. ఊరికే పెట్టినా రోజుకు దాదాపు పదో వంతు తగ్గిపోతుంది. తర్వాత నన్ను అట్టపెట్టెలో పెట్టి విమానం ఎక్కిస్తారు. హైదరాబాదులో పెట్టెలు దింపేవాళ్లు మొదట ఒంటిచేత్తో లేపబోతారు. నేను లేవను. బంగారమా ఏందిరా అని నవ్వుకుంటారు. తర్వాత గుర్తు చూసి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటారు.

అక్కడినుంచి నేను పోయేది ఒక క్యాన్సర్ ఆసుపత్రికి. పేరు అక్కర్లేదు. అందులో నేలమాళిగలో ఒక గది. గదిలో నన్ను తెరిచే మనిషి ప్రభుదాసు. ముప్పై ఐదేళ్లుంటాయి. మాట్లాడుతూ పని చేసే మనిషి. సీసం గోడ వెనక నిలబడి, పొడవాటి పట్టకారుతో సీసా తీస్తూ, వార్డులో ఎవరేమన్నారో అన్నీ చెప్పేవాడు. వినేది పక్కనున్న నర్సు. నేనూ విన్నాను. నాకు తెలిసిన సంగతులన్నీ అలా తెలిసినవే.

ఆ ఆసుపత్రిలో డాక్టర్ హైమవతి అని ఒకావిడ ఉండేది. ఏ మందు ఎక్కించినా గడ్డ తిరిగి వచ్చినవాళ్లు చివరికి ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లు. గడ్డను గుర్తుపట్టే మందు ఒకటుంది. యాంటీబాడీ అంటారు. ఒంట్లో ఎక్కడ గడ్డ ఉన్నా వెతుక్కుంటూ పోయి అతుక్కుంటుంది. పాత పద్ధతిలో వేడి మందును దానికే కట్టి, రెండూ కలిపి రక్తంలోకి వదిలేవాళ్లు. కానీ యాంటీబాడీది పెద్ద శరీరం, నెమ్మది నడక. రోజుల తరబడి రక్తంలోనే తిరుగుతుంది. తిరిగినన్నాళ్లూ దానికి కట్టిన వేడి ఎముకల్లో మూలుగును కాలుస్తుంది. మనిషికి రక్తం పుట్టేది అక్కడేనట. గడ్డకు చేరేది కొంచెం, దారిలో చెడగొట్టేది చాలా.

హైమవతి దీన్ని రెండు ముక్కలు చేసింది. ముందు ఉత్త యాంటీబాడీ ఎక్కిస్తారు. అది గడ్డలకు అతుక్కుంటుంది. అతుక్కోనిది రక్తంలోంచి మెల్లగా పోతుంది. అది పోయేదాకా ఆగుతారు. ఆ తర్వాత నాలో ఉన్న వేడి మందు ఇస్తారు. దాన్ని యాంటీబాడీనే పట్టుకునేలా తయారుచేశారు. చిన్నది, చురుకైనది. గడ్డమీద యాంటీబాడీ కనిపిస్తే పట్టుకుంటుంది, కనిపించకపోతే మూత్రంలో పోతుంది. మొత్తం కిటుకు మధ్యలో ఆగడంలోనే ఉంది. చాలా మందికి ఇచ్చిన మందు కాదిది. ఒక్కొక్కరిని ఒప్పించి, సంతకం పెట్టించుకుని, ఇస్తూ చూస్తున్నారు.

మొదటి ముగ్గురికి సరిగ్గా జరిగింది. హైమవతి దగ్గరుండి చేయించింది. నాలుగో మనిషి అనసూర్య.

ఆమెది జనగామ దగ్గర పల్లె. యాభై రెండేళ్లు. బడిలో మధ్యాహ్నం వంట చేసేది. నూట పదిమంది పిల్లలకు అన్నం, పప్పు, వారానికి మూడు గుడ్లు. మెడలో గడ్డలు, చంకలో గడ్డలు, కడుపులో గడ్డలు. రెండుసార్లు మందులు ఎక్కించారు, రెండుసార్లు తగ్గి మళ్లీ వచ్చాయి. తోడు వచ్చిన మనిషి మణెమ్మ, అదే బడిలో రెండో వంటామె. అప్పుడు ఏప్రిల్ నెలాఖరు, బడికి సెలవులు. జూన్‌లో బడి తెరిచేసరికి పొయ్యి దగ్గర నిలబడాలని అనసూర్య కోరిక. ఇంకేం అడగలేదట. ఇంటి సంగతి చెప్పలేదు, దేవుణ్ణి తలవలేదు. బడి తెరిచేనాటికి నిలబడతానా అని ఒక్కటే అడిగిందట.

హైమవతి ఆమెకు పద్ధతంతా చెప్పింది. అంతా విని అనసూర్య అందట, "అంటే డాక్టరమ్మా, గడ్డకు బెల్లం పూసి, ఎనుకనుంచి ఈగల నిడిసిపెట్టుడన్నట్టు. గాని బెల్లం పూసిన చేతులు కడుక్కునేదాంక ఆగాలె. లేకుంటే ఈగలు చేతుల మీదనే వాల్తయి."

హైమవతి చాలాసేపు నవ్విందట. తర్వాత వచ్చిన ప్రతి రోగికీ ఆ మాటే చెప్పేది. ఎందుకు ఆగాలో అనసూర్యకు తెలియదని ఎవరూ అనడానికి లేదు. ఆ ఆసుపత్రిలో చాలామందికంటే బాగా తెలుసు.

సోమవారం పొద్దున యాంటీబాడీ ఎక్కించారు. మూడు రోజులు ఆగి రమ్మన్నారు. మూడొద్దులకు వస్తం అని మణెమ్మ చెప్పింది. ఇద్దరూ ఆసుపత్రి ఎదురు వీధిలో సత్రంలో ఉన్నారు.

వాళ్ల ఊళ్లో రోజును పొద్దు అంటారు. పొద్దులు లెక్కపెట్టేటప్పుడు మొదలైన రోజు కూడా ఒక పొద్దే. బిడ్డ పుట్టినా, మనిషి పోయినా, ఆ రోజుతోనే లెక్క మొదలు. సోమవారం ఒకటి, మంగళవారం రెండు, బుధవారం మూడు. ఏ రోజు ఏం ఇవ్వాలో రాసిన హైమవతి కాగితంలో సోమవారం సున్నా. మంగళవారం ఒకటి. మూడో రోజు గురువారం. రోజుల్ని సున్నాతో మొదలుపెట్టే మనుషుల్ని నేను ఆసుపత్రికి వచ్చాకే చూశాను.

నేను బుధవారం తొమ్మిదింటికి వచ్చాను. ఎప్పుడూ ముందురోజే వస్తాను. మర్నాడు ఇస్తారు. ఆ రోజు హైమవతి లేదు. ఏదో కమిటీకి ఢిల్లీ పోయింది, గురువారం పొద్దున వస్తుంది. చూసుకొమ్మని నిఖిల్ అనే కుర్ర డాక్టరుకు అప్పజెప్పింది. అతను చేరి రెండు వారాలు. తెలివైనవాడు. మర్యాదస్తుడు. కాగితంలో వేడి మందు మూడో రోజున అని ఉంది. సోమ, మంగళ, బుధ అని వేళ్లు ముడిచాడు. అంతలో వాళ్లిద్దరూ మెట్లు దిగి వచ్చారు.

మూడు రోజులైందా అమ్మా అని అడిగాడు.

"అయింది సారు. ఇయ్యాలతోని మూడొద్దులు," అంది అనసూర్య.

రెండు లెక్కలు కలిశాయి. కలిసిన లెక్కను మళ్లీ ఎవరు చూస్తారు?

ఇంకొక్కడు ఉన్నాడు చూడాల్సినవాడు, ప్రభుదాసు. ఆ గదిలో ఒక నియమం ఉంది. నా మూత తీసే ముందు నా ఒంటిమీద కాగితం పైకి చదవాలి, పక్కనున్నవాళ్లు వినాలి. చదివాడు. నర్సు వింది, నిఖిల్ విన్నాడు. గురువారం పదింటికి బలం ఇంత అని చదివాడు. గురువారం అన్నాడు. గట్టిగానే అన్నాడు.

అతని చెయ్యి నా మూత మీద కాసేపు ఆగింది. ఆ కాసేపు నేను మరిచిపోలేను.

తర్వాత నోటిలెక్క వేసుకున్నాడు. కాగితం గురువారానిది. ఇవాళ బుధవారం. ఒక రోజు ముందంటే బలం పదో వంతు ఎక్కువ ఉంటుంది. అయితే ఆ మేరకు తక్కువ తీయాలి. అదే అతని రోజూ పని. కాగితం మీద ఒక రోజుంటుంది, చేతిలో ఇంకో రోజుంటుంది. తేడాను కొలతలో సరిచేసి ఇస్తాడు. పన్నెండేళ్లుగా చేస్తున్నాడు. అందులో అతనంత చేయి తిరిగినవాడు లేడు. రోజు వేరే అయితే కొలత మార్చాలని అతని చేతికి తెలుసు. రోజు వేరే అయితే ఆగాలని ఆ చేతికి ఎవరూ నేర్పలేదు. పెద్ద డాక్టరే తేదీ మార్చి ఉంటుందనుకున్నాడట. అడగలేదు.

మూత తీశాడు. మందు పైకి లాగాడు. కొలత మిషన్‌లో పెట్టి చూశాడు. రావాల్సిన అంకె సరిగ్గా వచ్చింది. ఒక చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను ఖాళీ అయ్యాను. పైన అనసూర్య చేతి నరంలోకి అది పోయింది. పోతుంటే ఆమె మణెమ్మతో, ఈగలు బయలుదేరినయ్ అందట. నర్సు వచ్చి చెప్పింది. అందరూ నవ్వారు.

చేతులు కడుక్కోవడానికి ఇంకా ఒక రోజుంది.

హైమవతి గురువారం తొమ్మిదింటికి వచ్చి, ఖాళీగా ఉన్న నన్ను చూసింది. ఎవరికిచ్చారు అని అడిగింది. చెప్పారు. ఆవిడ అరవలేదు. అక్కడున్న ఎత్తు బల్ల మీద కూర్చుంది. తీసేయడానికి లేదు కదా అంది, ఎవరితో అని కాకుండా. నిజమే. నాలో ఉన్నంతసేపే దాన్ని పట్టుకోగలం. ఒక మనిషిలోకి పోయాక దాన్ని వెనక్కి పిలిచే గిన్నె ఎక్కడా లేదు.

మందు ఎక్కడెక్కడ చేరిందో చూడడానికి తర్వాత తీసిన స్కాన్ బొమ్మల్లో మెడ గడ్డలు కొంచెం మెరిశాయి. వెన్ను, తుంటి, పక్కటెముకలు, రక్తం తిరిగే చోటల్లా ఎక్కువ మెరిసింది. ప్రభుదాసే తీశాడు. ఆ రోజు అతను పనిలో మాట్లాడలేదు.

ఇలాంటి కొత్త మందుల మీద కన్నేసి ఉంచే కమిటీ ఒకటి ఆసుపత్రిలో ఉంది, దానికి ఉత్తరం రాయాలి కదా, రాశారు. అందులో ఒక వాక్యం, రోగి ఒక రోజు ముందుగా హాజరయ్యారు అని. అది అబద్ధం కాదు. అదే వాక్యాన్ని నిఖిల్ మెత్తగా తెలుగులో అనసూర్యకు చెప్పాడు. మీరు ఒక రోజు ముందు వచ్చారమ్మా, అందుకే మందు కొంచెం పక్కకు పోయింది అని. అది కూడా అబద్ధం కాదు. కమిటీ తేల్చేదాకా ఎవరూ ఇంకేం మాట్లాడొద్దని పైనుంచి మాట వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు.

మూడో వారంలో ఆమెను మళ్లీ చేర్చారు. చేతుల మీద నల్లటి మచ్చలు, చిగుళ్లలోంచి రక్తం. రక్తం ఎక్కించారు. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు ఎక్కించారు. ఎక్కించింది రెండు రోజులు కూడా నిలవడం లేదు. చూడడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె ఒకటే చెప్పేదట. డాక్టరమ్మ మంచిగనే చెప్పింది, నాదే లెక్క దప్పింది, ఒక్క పొద్దు ముందుగాల ఉరికొచ్చిన అని. బడి హెడ్మాస్టరు వచ్చినా అదే. ఊరినుంచి చుట్టాలు వచ్చినా అదే. బయట వరండాలో ఒక చుట్టం, లెక్క రానోళ్లకు గివన్ని ఎందుకు అన్నాడట. ప్రభుదాసు ఏదో కొలతకని పోయి, అది విని వచ్చాడు.

నేనప్పటికి ఇంకా ఆ గదిలోనే ఉన్నాను. తిరిగి పంపే కాగితాలు వస్తే తప్ప పోవడానికి లేదు. నా ఒంటిమీద ఆ పాత కాగితం అలాగే ఉంది. ప్రభుదాసు వేడిని కొలిచే మీటరు పెట్టి నన్ను చూశాడు. లోపల ఏమీ లేదు. నన్ను రెండు చేతులతో ఎత్తుకుని, కడుపుకు ఆనించుకుని, మెట్లెక్కాడు. లిఫ్టు ఎక్కితే ఎవరైనా అడుగుతారని కాబోలు. ఒక రోగి మంచం దగ్గరకు పోవడం నాకు అదొక్కసారే, అదీ ఖాళీగా.

మణెమ్మ స్టూలు మీద కూర్చుని దానిమ్మ గింజలు వలుస్తోంది. అతను నన్ను ఆ పక్క బల్ల మీద పెట్టాడు. బల్ల కిర్రుమంది.

"గిదేంది సారు, టిఫిన్ డబ్బా తెచ్చినవా?" అంది మణెమ్మ.

అతను అనసూర్య వైపు తిరిగి, కాగితం మీద వేలు పెట్టాడు. "అమ్మా, నీ మందు దీంట్లనే వచ్చింది. దీనిమీద గురువారం అని రాసుంది. నేను సదివిన. పైకే సదివిన. సదివి గూడ బుధవారమే ఇచ్చిన."

అనసూర్య అక్షరాల వైపు చూసింది. అవి ఆమెకు తెలిసిన అక్షరాలు కావు. చెయ్యి చాచి నా మూత మీద పెట్టింది. వేళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గురువారమని సదివినవు గదా. మరెందుకు ఆగలే?"

"అలవాటమ్మా. రోజు తేడా ఉంటే కొలత మార్చిస్త. గదే నా పని. మార్చిచ్చిన."

ఆమె కళ్లు మూసుకుంది. కళ్లు తెరవకుండానే మాట్లాడింది.

"నేను గంతే. పప్పుల ఉప్పెక్కువైతే నీళ్లు వోస్త. ఎందుకెక్కువైందని ఎన్నడన్న ఆగిననా? పోరగాండ్లు తింటరు, పోతరు. ఇన్నవా మణెమ్మా. నువ్వు, నేను, గా సిన్న డాక్టరు, గీయన. నలుగురం ఒక్క తీర్గనే లెక్కవెట్టినం."

మణెమ్మ గింజలు వలవడం ఆపింది. అనసూర్య చెయ్యి నా మీదనుంచి తీసి దుప్పట్లో పెట్టుకుంది.

"నా ఎనుక వచ్చేటోళ్లకు పొద్దులు చెప్పకుండ్రి. వారం పేరు చెప్పుండ్రి. గురారమంటే గురారమే. దానికి లెక్క అక్కరలేదు."

సరే అమ్మా అన్నాడు. నన్ను ఎత్తుకోబోయాడు. అప్పుడు కళ్లు తెరిచి అతన్ని చూసింది.

"గాని కొడుకా, ఇన్నొద్దులు నన్నెందుకు అననిచ్చినవ్, నా లెక్కే దప్పిందని?"

అతను నన్ను ఎత్తి కడుపుకు ఆనించుకున్నాడు. లోపలిది బయటికి రానివ్వకపోవడం నాకు పుట్టుక. నన్ను అందుకే పోశారు. మనుషుల్ని ఎవరూ అందుకు పోయలేదు. అయినా ఆ ఇరవై మూడు రోజులు ఆసుపత్రిలో నాకంటే మందం గోడలు చూశాను.

దిగేటప్పుడు మెట్ల మీద రెండుసార్లు నన్ను కిందపెట్టి కూర్చున్నాడు. బరువుకు కాదు.

మర్నాడు అతను హైమవతికి చెప్పాడు, ఇలా పైకి తీసుకుపోయి చూపించానని. ఆవిడ అతన్ని తిట్టలేదు. తానే పైకి పోయింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఆ రోజు ప్రభుదాసు అక్కడ లేడు. ఆ వారమే ఆవిడ కమిటీకి రెండో ఉత్తరం రాసింది. అందులో గురువారం కాగితం సంగతి ఉందని మాత్రం తెలుసు. ప్రభుదాసుకు ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. నిఖిల్‌కు ఒకటి వచ్చింది. హైమవతి తనకు తానే ఒకటి రాసుకుందని నర్సు చెప్పింది. నిజమో కాదో.

అనసూర్య జూన్ ఎనిమిదిన పోయింది. తలలో రక్తం చిమ్మిందట. బడి పన్నెండున తెరిచారు. మణెమ్మ ఒక్కతే వండింది.

తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు రోగికి మూడు రోజులు అని ఎవరూ చెప్పరు. చీటీ మీద వారం పేరు, గంట తెలుగులో రాసిస్తారు. అంతే కాదు. గంట వచ్చినా, వేడి మందు ఇచ్చే ముందు వేలిని గుచ్చి రక్తం తీస్తారు. అందులో యాంటీబాడీ ఇంకా ఎంత తిరుగుతోందో చూస్తారు. ఎక్కువ ఉంటే ఆ మనిషిని వెనక్కి పంపుతారు, రేపు రమ్మంటారు. నేను ఆ రాత్రంతా నా మందును పట్టుకుని కూర్చుంటాను. మర్నాటికి పదో వంతు పోతుంది. పోనీ అంటారు. ఒకామెకు అలా రెండు రోజులు ఆగారు. ఆమె రక్తంలోంచి యాంటీబాడీ నెమ్మదిగా పోయిందట. మూడు రోజులన్నది అందరికీ మూడు కాదని అప్పుడు తెలిసింది. అంతకుముందు అందరికీ ఒకటే లెక్క వేసేవాళ్లు.

బాగానే పనిచేసింది. బొమ్మల్లో గడ్డ ఒక్కటే మెరిసి, ఎముకలు చీకటిగా ఉండడం నేలమాళిగలో అందరూ గుమిగూడి చూశారు. ఒకాయన మెడలో నిమ్మకాయంత గడ్డ రెండు నెలల్లో తడిమినా దొరకకుండా పోయింది. ఇద్దరికి ఏమీ పనిచేయలేదు. చాలామందికి పనిచేసింది. ఎవరికీ మూలుగు కాలలేదు.

నాకు వయసైపోయింది. మూత మర వదులైంది. టంగ్‌స్టన్‌తో చేసిన కొత్త డబ్బాలు వచ్చాయి. నాలో సగం లావు, నాకంటే గట్టి. సీసాన్ని చెత్తలో వేయకూడదని ఒక నియమం ఉంది. అందుకని నన్ను ఇనుప అల్మారా పక్కన నేలమీద పెట్టారు. పాత సీసం తీసుకుపోవడానికి అనుమతి ఉన్న మనిషి ఎప్పుడో వస్తాడట. వస్తే కరిగిస్తాడు. మళ్లీ బ్యాటరీ పలకనవుతానేమో. దానికి నాకేం దిగులు లేదు.

మొన్న ఈ మందు గురించి హైమవతి రాసిన పెద్ద కాగితం ఒక వైద్య పత్రికలో అచ్చయి వచ్చింది. విదేశాల్లో కూడా చదువుతారట. ప్రభుదాసు దాన్ని ఆ గదిలోనే నిలబడి చదివాడు. చదవడం నెమ్మది, వేలు పెట్టి చదువుతాడు. మొదటి పుట చదివి, రెండోది చదివి, మళ్లీ మొదటి పుటకు వచ్చాడు. ఈ మందు తీసుకున్నవాళ్లు పదకొండు మంది అని ఉంది. అందులో తొమ్మిది మందికి గడ్డ తగ్గింది, ఎవరికీ ప్రమాదం జరగలేదు అని ఉంది.

పైకి పోయి అడిగి వచ్చాడు. నర్సుకు చెప్తుంటే విన్నాను. పద్ధతి తప్పి మందు తీసుకున్నవాళ్లను ఫలితాల లెక్కలో కలపరట. కలిపితే పద్ధతి మంచిదో కాదో తేలదట. ఒకరిని తీసేశామని అడుగున చిన్న అక్షరాల్లో రాశారట, పేరు లేకుండా. అది ఈవిడ పెట్టిన నియమం కాదు, అందరిదీ అట. చెప్తూ చెప్తూ హైమవతి కిటికీ వైపు తిరిగిందట.

నియమం తప్పని నేననను. నాకు అంత తెలియదు. ఆగాలని చెప్పింది డాక్టరమ్మే. ఎవరికి ఎంతసేపు ఆగాలో రక్తం తీసి చూడాలని వాళ్లు నేర్చుకున్నది మాత్రం ఆ పదకొండు మంది దగ్గర కాదు.

ప్రభుదాసు ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాడు. పని మొదలుపెట్టాడు. నేను అల్మారా పక్కన ఉన్నాను. నన్నెవరూ అడగరు. అడిగితే ఒకటే చెప్తాను. ఆ మందు కోసం నా మూత తీసింది పన్నెండుసార్లు.